చెప్పి తాపడం

ఈ పొద్దున మనవరాలు పాల గ్లాసు నా ముందు పెట్టి, "గుడ్డు కలిపిన అవ్వా" అంది. మా ఇంట్లో చెప్పకుండా ఎవరూ ఏదీ తాపరు. ఆ నీచు వాసన ముక్కుకు తగలగానే శాంతక్క గుర్తొచ్చింది. ఎంత కాలమైంది! ఆమె గొంతు ఇంకొక్కసారి వినబడితే చాలు అనిపిస్తుంది నాకు.

నిజాం కాలంలో మొయినాబాద్ నుంచి చేవెళ్లకు పోయే బాట పక్కన ఒక చిన్న దవాఖాన ఉండేది. అక్కడ నేను కొత్త నర్సును, శాంతక్క మాకు పెద్ద. ఉతికి ఆరేసిన కట్టు గుడ్డలను మధ్యాహ్నం వసారాలో కూర్చుని చుట్టేవాళ్లం. ఎవరి మనసులో ఏది గుచ్చుకున్నా ఆ వేళ బయట పెట్టాలి. డాక్టరును తప్పుపట్టినా సరే. గుడ్డలన్నీ అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. అది అక్క పెట్టిన కట్టుబాటు.

షాబాద్ షావుకార్ల ఇంటి ముసలమ్మ రత్నమ్మ, జ్వరం తగ్గినా లేవలేక మా దవాఖానలోనే మంచం పట్టింది. గుడ్డు పెడితేనే కోలుకుంటుందన్నాడు డాక్టరు. వాళ్లది నీచు ముట్టని ఇల్లు.

"పాలల్ల కలిపి తాపుదాం. ఆమెకేం ఎరుకైతది?" అంది ఆయా ఎల్లమ్మ.

నేనూ అదే అన్నాను. ఏం, మనిషి బతకొద్దా!

శాంతక్క తలెత్తకుండానే అడిగింది. "ఆమె లేచి కూసున్నంక ఎవలు చెప్తరు?"

"చెప్పుడెందుకక్కా?" అన్నాను.

"చెప్పలేని పని చేసి, ఆమె మొకం రోజూ ఎట్ల చూస్తవ్ బిడ్డా?"

గుడ్డలన్నీ అయ్యాక రత్నమ్మను అడగడానికి అక్క నన్నే పంపింది. ఆ ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "అడిగినవు, గదే చాలు. నాకొద్దు బిడ్డా" అంది. పాలు, పెసరకట్టు తాపుతూ వచ్చాం. ఆమె దక్కలేదు.

"కలిపితే బతికేదేమో అక్కా" అని వెక్కి వెక్కి ఏడ్చాను.

"బతికేదేమో" అంది శాంతక్క. ఆమె కళ్లు కూడా తడిగానే ఉన్నాయి.

కొన్నేళ్లకు అదే దవాఖానలో శాంతక్క మంచం పట్టింది. నొప్పికి తాళలేకపోయేది. డాక్టరు ఇచ్చిన మందు చెంచాలో పోసి, ఆమె అడగకముందే చెప్పాను. "నిద్రమందక్కా. నొప్పి తెల్వదు. కానీ మళ్ల మాట్లాడలేవేమో."

అక్క నా వైపు చూసి నవ్వింది. "అట్లయితే జరసేపాగు. నీతోని మాట్లాడి తాగుత."

ఏం మాట్లాడుకున్నాం? ఎల్లమ్మ కోపాల గురించి, ఆరేసిన గుడ్డల్ని ఎత్తుకుపోయే గాలి గురించి. తర్వాత మందుకు తనే నోరు తెరిచింది. చెప్పకుండా తాపి ఉంటే, ఆ జరసేపు నాకు దక్కేది కాదు.