ఎండకి వెలిసిన రాయి

అమరేశ్వరరావుకి ఓపిక లేదని ఎవరూ అనలేరు. ఒక గ్రానైట్ పలకని అద్దంలా తేల్చడానికి ఏడు రకాల పాలిష్ బిళ్లలు మార్చుకుంటూ రోజంతా ఒకేచోట నిలబడగలడు. ఆయనకి ఓపిక లేనిది మాటలతోనే. కెనడాలో గ్వెల్ఫ్ ఊరి చివర, కార్లకి రంగులేసే దుకాణం పక్కన ఆయన షెడ్డు. రెండు రంపాలు, ఒక పాలిషింగ్ బల్ల, దక్షిణం వైపు పెద్ద కిటికీ. తలుపు మీద ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ ఒక కాగితం అంటించి ఉంటుంది: "పొట్లం మీద రాసి ఉన్నదే చేస్తాను. నోటితో చెప్పింది నాకు గుర్తుండదు."

తెలుగు వాక్యం మొదట్లో లేదు. ఈ రెండేళ్లలో అవసరం పడింది. ఏ బస్సెక్కినా చదువుకోవడానికొచ్చిన మన తెలుగు పిల్లలే, ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా మన పిల్లలే. షెడ్డులో తెలుగాయన ఉన్నాడని తెలిసి పార్ట్‌టైమ్ పని కోసం వారానికి ఇద్దరు వచ్చేవాళ్లు. రాళ్లు కోయడంలో మూడేళ్ల అనుభవం ఉందని రెజ్యూమెలో రాసుకున్న ఒకడు, తిరుగుతున్న రంపం దగ్గరికి ఉన్ని గ్లవ్స్ తొడుక్కుని వచ్చాడు. గ్లవ్ పోగు ఒక్కటి చిక్కుకుంటే చెయ్యే లోపలికి పోతుంది. అమరేశ్వరరావు స్విచ్ కట్టేసి, వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి పంపేశాడు. ఆ సాయంత్రం భార్య సుగుణతో, "అనుభవం కాగితం మీద కాదే, వేళ్ల మీద ఉంటుంది, లెక్కపెట్టుకుంటే పదీ ఉండాలి" అన్నాడు.

ఆయన వేళ్లు పదీ ఉన్నాయి. పదహారో ఏట చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో చేరాడు. ఎవరూ నేర్పలేదు. రంపం గొంతు విని నేర్చుకున్నాడు: గొంతు పలచబడితే లోపల పగులుంది, బొంగురుపోతే బ్లేడు మొద్దుబారింది. కెనడాకి వచ్చి వంటింటి గట్లు తయారుచేసే కంపెనీలో ఎనిమిదేళ్లు చేశాడు. ఆ తర్వాత సొంతంగా షెడ్డు తీసుకుని, కాలేజీల వాళ్లకీ రాళ్లు సేకరించే వాళ్లకీ రాళ్లు కోసిపెడుతున్నాడు. మైక్రోస్కోపు కింద పెట్టే, వెంట్రుక మందం కూడా లేని ముక్కలు తీయడం రెండు వందల స్లైడ్లు పాడుచేసుకుని పట్టుబడ్డ విద్య.

2023 ఫిబ్రవరిలో ఒక సోమవారం వాసవి వచ్చింది. హనుమకొండ పిల్ల, జియాలజీలో మాస్టర్స్ చేస్తోంది. రెండు బస్సులు మారి, మోకాలి దాకా మంచుతో లోపలికి వచ్చి, బూట్లు కూడా విప్పకముందే మాట మొదలుపెట్టింది. చేతిలో నల్ల డబ్బా, అందులో కాగితం పొట్లంలో నిమ్మకాయంత రాయి. బూడిదరంగు రాతి మధ్యలోంచి బొటనవేలి వెడల్పున ఒక చార, నేరేడుపండు కొరికితే నాలుకకి అంటుకునేలాంటి రంగు.

"హాక్మనైట్, అంకుల్. చాలా అరుదు."

ఆ రాయి మీదే ఆమె చదువు ఆధారపడి ఉంది. పరిశోధన ప్రతిపాదనని కమిటీ ఒకసారి తిప్పికొట్టింది. గురువారం పొద్దున పదింటికి రెండోసారి, ఆఖరిసారి. ఈ ముక్కని రెండుగా కోసి, ముఖం పాలిష్ పెట్టి, ఆ రంగు చారని వాళ్ల ముందు పెట్టాలి. కాదంటే ఆ కోర్సులో సీటుండదు, సీటు లేకపోతే స్టడీ పర్మిట్ ఏమవుతుందో ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. ఇలాంటి రాయి ఇంకొకటి ఆమె దగ్గర లేదు.

ఇంతవరకూ అమరేశ్వరరావు విన్నాడు. తర్వాత ఆమె రాయి పుట్టుక ఎత్తుకుంది. మాంట్రియల్ దగ్గర ఒక కొండ, పన్నెండు కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల నిదానంగా చల్లారిన శిలాద్రవం. అందులో సోడియం దండిగా ఉంది, సిలికా చాలలేదు. చాలకపోబట్టి మామూలు రాళ్లలో ఉండే క్వార్ట్జ్ ఏర్పడలేదు, దాని బదులు ఇలాంటివి పుట్టాయి. ఇది సోడలైట్‌కి చుట్టం. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసి గదులు గదులుగా కట్టుకున్న ఇల్లు, గదుల్లో క్లోరిన్, అక్కడక్కడా కాస్త గంధకం, కొన్ని గదులు ఖాళీ. ఆమె చేతులతో గదులు కట్టి చూపిస్తుంటే గోడ మీద గడియారం నలభై నిమిషాలు నడిచింది.

సోడలైట్ అన్న మాట దగ్గర మాత్రం ఆయన చెవి ఆగింది. ఆ నీలం రాయి ఆయనకి బాగా తెలుసు. దానితో వంటింటి గట్టు వేయించుకుని, దాని మీద నిమ్మకాయ పిండి, మచ్చ పడిందని ఫోన్ చేసిన వాళ్లని ఎందరినో చూశాడు. పులుపుకి ఓర్వదు, గ్రానైట్ కన్నా మెత్తన, పెళుసు. ఆయనకి కావలసింది అంతే. పొట్లం మీద ఏం రాసిందో చూశాడు: "రెండుగా కోయాలి. ఒక ముఖం పాలిష్. బుధవారం."

"ఇంకేమైనా ఉంటే దీని మీద రాయి."

"అంతా చెప్పిన కదా అంకుల్," అంది వాసవి.

ఆయన ఆ మధ్యాహ్నమే కోశాడు. సన్న బ్లేడు, తక్కువ వేగం, పసుప్పచ్చ బల్బు కింద. అంచు ఒక్క చోట కూడా చిట్లలేదు. చారకి అడ్డంగా ఒక వెంట్రుకవాసి పగులుంటే అందులో రెసిన్ అనే జిగురు నింపాడు. పాలిష్ అయ్యాక రంగు కాస్త తేలికైనట్టు అనిపించింది. తడి ఆరితే ఏ రాయైనా అలాగే కనిపిస్తుంది అనుకున్నాడు. చీమకుర్తిలో నేర్చిన అలవాటు ప్రకారం, రెసిన్ గట్టిపడాలని పాలిష్ పెట్టిన సగం పలకని దక్షిణం కిటికీలో నిలబెట్టాడు. అక్కడ పలకలన్నీ వరసగా ఎండకి ఆనించేవాళ్లు. ఇక్కడి చలికాలం ఎండలో వేడి లేకపోయినా వెలుతురుకి లోటు లేదు, బయటి మంచు మీద పడి రెట్టింపై లోపలికొస్తుంది. మిగిలిన సగం పొట్లంలో చుట్టి సొరుగులో పెట్టాడు.

బుధవారం పొద్దున కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడిపోయాడు. చార తెల్లగా ఉంది. ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది.

నలభై ఐదేళ్లలో ఆయన చేతిలో పడ్డ రాయి మెరుగుపడే బయటికి వెళ్లింది. ముందు రెసిన్‌ని తిట్టుకున్నాడు, తర్వాత పాలిష్ పొడిని, చివరికి తననే. అరవై ఒక్కేళ్లొచ్చాక అర్జంటు పని ఒప్పుకోవడం దేనికి? వాసవికి ఫోన్ చేయబోయి, నంబరు నొక్కకుండా పక్కన పెట్టాడు. ఏం చెబుతాడు? పోయిందని చెప్పడం సులువు. ఎందుకు పోయిందో తెలియకుండా చెప్పడం ఆయన వల్ల కాలేదు.

సొరుగు తెరిచాడు. చుట్టి పెట్టిన సగం ముక్క నేరేడు రంగులోనే ఉంది.

దాని అంచు నుంచి రెండు పలుకులు గిల్లాడు. ఒకదానికి రెసిన్ రాసి మళ్లీ సొరుగులో పెట్టాడు. రెండోదానికి ఏమీ రాయకుండా కిటికీలో పెట్టి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. టీ చల్లారకముందే కిటికీలో పలుకు వెలిసింది. సొరుగులోది రెసిన్ తాగి కూడా రంగు వదల్లేదు. తప్పు రెసిన్‌ది కాదు, ఎండది. ఎండలో పెట్టింది తను.

మధ్యాహ్నం వాసవి వచ్చింది. ఆయన కూర్చోమనలేదు, సాకులు చెప్పలేదు. పలక ఆమె చేతిలో పెట్టి, తన అలవాటు వల్లే పోయిందన్నాడు. ఆమె పలకని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎండ తగలొద్దని సోమవారమే చెప్పిన కదా అంకుల్."

"సోమవారం నువ్వు చెప్పనిది ఏముందమ్మా? పన్నెండు కోట్ల ఏళ్లు చెప్పావు. అందులో ఈ ఒక్క ముక్క ఎక్కడ దాచావు? పొట్లం మీద ఎందుకు రాయలేదు?"

"మర్చిపోయిన," అంది. గొంతు తగ్గించి, అతినీలలోహిత కిరణాలు పడితే రంగు తిరిగొస్తుందని చెప్పింది. ఆ కిరణం తగిలితే గంధకం దగ్గరున్న ఎలక్ట్రాన్ ఖాళీ గదిలోకి దూకుతుంది, అది అక్కడున్నంతసేపు రంగు. మామూలు వెలుతురు తగిలితే మళ్లీ ఇంటికి పోతుంది, రంగూ పోతుంది.

"తిరిగి రావడం నువ్వు చూశావా?"

"చదివిన."

"చూడకుండానే నలభై నిమిషాలు చెప్పావా తల్లీ?"

కాలేజీలో ఆ కిరణాల దీపం ట్యూబు పోయి నెలైందట, కొత్తది రాలేదట. అమరేశ్వరరావు విసురుగా లేచి అటక మీద నుంచి ఒక ఇనప డబ్బా దించాడు. రాతి పగుళ్లలో ఎవరైనా రెసిన్ నింపి దాచారేమో చూడటానికి కొన్న దీపం అది. దానికి రెండు స్విచ్‌లు. రెండోది ఆయనకి ఎప్పుడూ అవసరం పడలేదు. ఆమెకి రక్షణ కళ్లద్దాలిచ్చి తనూ పెట్టుకున్నాడు, పలక మీద అట్టపెట్టె బోర్లించి, కన్నంలోంచి దీపం పెట్టి మొదటి స్విచ్ నొక్కాడు. అంచెత్తి చూస్తే చార నారింజ రంగులో భగ్గుమంది. ఆర్పితే మళ్లీ తెలుపే.

"అది పొడవు కిరణం," అంది వాసవి. "పొట్టిది కావాలి."

రెండో స్విచ్ నొక్కితే ట్యూబు రెండుసార్లు మిణికి, సరిగ్గా వెలగనా వద్దా అన్నట్టు వెలిగింది. పది నిమిషాలకి పెట్టె ఎత్తబోయిన వాసవి చేతిని ఆయన పక్కకి నెట్టాడు. ఇరవై ఐదు నిమిషాలు ఇద్దరూ మాట్లాడలేదు. ఆమె అంతసేపు నోరు మూసుకుని ఉండటం ఆయన చూడటం అదే మొదలు.

పెట్టె తీస్తే చార నేరేడు రంగులో ఉంది. రెసిన్ నింపిన చోట మాత్రం అడ్డంగా ఒక సన్నటి తెల్లగీత మిగిలింది. రెసిన్ ఆ కిరణాన్ని లోపలికి పోనివ్వలేదు. ఆ గీత ఆయన కంట్లో నలుసులా పడింది. వాసవి మాత్రం ముక్కు దాదాపు రాతికి ఆనించి చూస్తూ, చాలా మెల్లగా, "వచ్చింది అంకుల్, నిజంగనే వచ్చింది" అంది. ఆయన పలకని నల్ల డబ్బాలో పెట్టి, మూత మీద లావు అక్షరాలతో తనే రాశాడు: ఎండ తగలకూడదు.

గురువారం రంపం నడుస్తుండగా మూడుసార్లు ఫోన్ మోగింది. నాలుగోసారి స్విచ్ కట్టేసి ఎత్తితే వాసవి. ప్రతిపాదన ఒప్పుకున్నారట. డబ్బా తెరిచి కిటికీ పక్కన బల్ల మీద పెట్టిందట. కమిటీలో ముగ్గురూ దాన్ని ఒకసారి చూసి వదిలేసి, ఆమె మొదటి పేజీ మీద వాదించుకుంటూ కూర్చున్నారట. చివరికి ఒకాయన కళ్లజోడు తీసి, ఇందాక దీని రంగు వేరు కదా అన్నాడట. వెలుతురుకి రంగు పోవడమే ఆమె చూపించాలనుకున్నది, అది వాళ్ల కళ్లముందే దానంతటదే జరిగిపోయింది.

"ఎంతసేపు మాట్లాడారేంటి?"

"నలభై నిమిషాలుంటది అంకుల్."

అమరేశ్వరరావు నుదురు రుద్దుకున్నాడు. ఆమె ఇంకా చెబుతూనే ఉంది. పొద్దున డబ్బా తెరిచినప్పుడు కనిపించిన ఆ తెల్లగీత మీదే తర్వాత వాళ్లు ఎక్కువ ప్రశ్నలడిగారట. సొరుగులోని రెండో సగం మీద కావాలనే సగం దూరం రెసిన్ పూసి ఇవ్వాలట, ఎంత మందానికి కిరణం ఆగుతుందో కొలుస్తుందట, మూడు మందాలుంటే మంచిదట, ఇంకా...

"అమ్మాయ్," అన్నాడాయన. "పొట్లం మీద రాసి పంపు."

ఫోన్ పెట్టేసి సొరుగు దగ్గరికి వెళ్లాడు. ముక్క రంగు చెక్కుచెదరలేదు. తిరిగొస్తూ కిటికీకి ఒక పాత దుప్పటి మేకులతో కొట్టాడు. వెలుతురు తగ్గి బల్ల దగ్గర సరిగ్గా కనిపించడం మానేసింది. దానికీ ఆ పిల్లనే తిట్టుకుంటూ బల్బు వేసుకుని, రెసిన్ కలపడం మొదలుపెట్టాడు.