వెనక్కి మళ్లినవాళ్ల గడి

మా బాబాయి పురపాలక కార్యాలయంలో మనుషుల్ని లెక్కపెడతాడు. రోడ్డు పక్కన స్టూలు వేసుకుని, దాటిన ప్రతి మనిషికీ కాగితం మీద ఒక గీత గీస్తాడు. గంటకు వందమంది దాటితేనే అక్కడ సిగ్నల్ పెడతారు. అంటే ముందు వందమంది ప్రాణాలకు తెగించాలి, ఆ తర్వాత వాళ్ల ప్రాణాలు కాపాడతారు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు.

ఈ ఏడు మా వీధి ముందున్న పెద్ద రోడ్డుకు లెక్క పడింది. పిన్నికి అప్పుడే మోకాలి ఆపరేషన్ అయింది. వ్యాయామం చేయించే ఆసుపత్రి సరిగ్గా అవతలి వైపే, మా కిటికీలోంచి తలుపు కనిపిస్తుంది. తలుపు చూస్తే మోకాలు వంగదు కదా! ఆటోలో మూడు కిలోమీటర్లు పోయి, మలుపు తిరిగి రావాలి. "రోజూ నడవండమ్మా" అని డాక్టరు రాసిచ్చిన చీటీ కూడా ఆటోలోనే ఇంటికొచ్చింది.

"వంద గీతలు గీసెయ్యకూడదూ? చేతులు అరిగిపోతాయా?" అంది పిన్ని.

"దాటనివాణ్ణి దాటాడని ఎలా రాయనే?" అన్నాడు బాబాయి.

ముప్పై ఏళ్లలో ఒక్క దొంగ గీత గీయని మనిషి. ఇంట్లో ఎవరికీ పనికిరాని నిజాయితీ.

మొదటి రోజు గంటలో దాటినవాళ్లు పదకొండు మంది. అందులో ఒకడు జారిన చెప్పు కోసం వెనక్కొచ్చి రెండోసారి దాటినవాడే. ఆ గంట మొదట్లోనే బాబాయి స్కేలు పెట్టి కాగితం చివర కొత్త గడి గీశాడు: 'నిలబడి, వెనక్కి మళ్లినవారు'. గంట ముగిసేసరికి అందులో నూట నలభై ఆరు గీతలు పడ్డాయి.

"ఫారంలో లేని గడి ఎందుకు గీశావయ్యా? దాటనివాడు పాదచారి ఎలా అవుతాడు? రేపు నేనే వచ్చి చూస్తా" అని ఫోనులో కేకలేశాడు పై అధికారి.

వచ్చాడు. అవతలి వైపు కారు దిగాడు. ఒకడుగు ముందుకేశాడు, బస్సు హారన్‌కి రెండడుగులు వెనక్కేశాడు. బళ్లను ఆపమని పావుగంట చెయ్యి ఊపి ఊపి, కారెక్కి వెళ్లిపోయాడు. బాబాయి మర్యాదగా లేచి నిలబడి, కొత్త గడిలో ఆయనకూ ఒక గీత గీశాడు.

నెల తర్వాత జవాబు వచ్చింది: 'ఇక్కడ నడిచేవారు లేరు. సిగ్నల్ అనవసరం.' తిరిగొచ్చిన ఫారంలో చివరి గడి అడ్డంగా కొట్టేసి ఉంది.

పిన్ని ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. "ఇందులో నేనున్నానా?"

"మొదటి గీత నీదే. కర్ర పట్టుకుని రెండడుగులేసి ఆగిపోయావు. చూశాను."

పిన్ని కళ్లద్దాలు తుడుచుకుని, కర్ర అందుకుంది.

"సరే, ఆటో పిలవండి" అంది.