పీఠభూమి మీద మా అత్తగారు

పెళ్ళయి పిల్లాడు బడికి వెళ్ళడం మొదలయ్యాక నేను బీఎడ్‌లో చేరాను. అనకాపల్లిలో మా ఇల్లు బెల్లం మార్కెట్‌కు దగ్గర. మధ్యాహ్నం పనులయ్యాక వరండాలో కూర్చుని మనోవిజ్ఞాన శాస్త్రం పుస్తకం పైకి చదువుకునేదాన్ని. పైకి చదివితేగాని నాకు బుర్రకెక్కదు. పక్కన మా అత్తగారు చింతపండులో గింజలు తీస్తూ వినేవారు.

ఒకరోజు అభ్యసనం అంటే ఏమిటో చదువుతున్నాను. అభ్యాసం చేయగా చేయగా మనిషి తీరులో వచ్చి, నిలిచిపోయే మార్పునే నేర్చుకోవడం అంటారని పుస్తకం చెబుతోంది. అత్తగారి చేతులు ఆగాయి.

"ఆ మార్పు ఎన్నేళ్ళ వొరకూ వత్తదని రాసేరే?"

"వయసు ఇంతని ఏమీ రాయలేదు అత్తయ్యా."

"అయితే నాకు స్కూటరు నేర్పు."

ఆమె అక్కగారిది కె. కోటపాడు. చూడాలనిపిస్తే బస్సు కోసం కాచుకోవాలి, లేకపోతే మా ఆయనకు సెలవు దొరకాలి. ఆ సాయంత్రం సంగతి విని మా ఆయన నవ్వేశారు.

"పడ్డావంటే ఎముక అతకదమ్మా. ఎక్కడికెళ్ళాలో సెప్పు, ఆటో మాట్లాడతాను."

"అదేరా. నానెల్లాలంటే నువ్వు మాట్లాడాల," అన్నారు అత్తగారు.

మార్కెట్‌కు సెలవైన రోజుల్లో పొద్దున్నే యార్డు ఖాళీగా ఉంటుంది. నేలంతా బెల్లం వాసన. అక్కడికి నా స్కూటరు తీసుకెళ్ళాం. పెద్ద పనిని చిన్న చిన్న ముక్కలు చేసి నేర్పాలని పుస్తకంలో ఉంది కదా అని, మొదట ఇంజను ఆపేసి, కూర్చుని కాళ్ళతో నెట్టుకుంటూ వెళ్ళమన్నాను. ఆమె చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, పళ్ళు బిగించి, బాతులా అటూ ఇటూ ఊగుతూ యార్డంతా తిరిగారు. సరిగ్గా చేసిన వెంటనే మెచ్చుకోవాలని కూడా చదివాను కాబట్టి, అడుగడుక్కీ "చాలా బాగుంది అత్తయ్యా" అంటూ వెనకాలే నడిచాను.

కాసేపటికి ఆమె బండి ఆపారు. "తిన్నగా ఎల్లినా బాగుందంటన్నావు, గోడకేసి ఎల్లినా బాగుందంటన్నావు. నువ్వు నన్ను సూత్తన్నావా, పాఠం అప్పసెప్తన్నావా?"

ఇంటికొచ్చి తర్వాతి పేజీలు తిప్పితే అదే మాట అక్కడా ఉంది. అన్నిటికీ ఒకేలా మెచ్చుకుంటే ఆ మెప్పుకు విలువుండదట. నాకు సిగ్గు కంటే సంతోషమే ఎక్కువ కలిగింది. ఎవరో ఎక్కడో కూర్చుని రాసిన సిద్ధాంతం, మా అత్తగారి మొహం ఎన్నడూ చూడనిది, ఆమె కోపం ముందే తెలిసినట్టు ఉంది. అప్పటివరకూ పరీక్ష కోసం చదివినదాన్ని, ఆ రోజు నుంచి రేపు యార్డులో ఏం జరుగుతుందోనని చదవడం మొదలుపెట్టాను.

ఇంజను ఆన్ చేసిన రోజు ఆమె యాక్సిలరేటరు ఒక్కసారిగా తిప్పేసి నేరుగా ఎండు చెరకాకుల కుప్పలోకి వెళ్ళిపోయారు. నేను గుండె చేత్తో పట్టుకుని పరిగెత్తాను. ఆకుల్లోంచి ఆమె నవ్వు వినిపించింది. జుట్టునిండా ఆకులతో లేచి, "మెత్తగానే ఉంది," అన్నారు.

ఆ తర్వాత కొన్ని రోజులు అసలు ముందుకు సాగలేదు. తిన్నగా వెళ్ళడం వచ్చింది, మలుపు తిప్పడం రాలేదు. ఎన్నిసార్లు చేసినా మలుపు దగ్గర కాళ్ళు నేలకు ఆనించేవారు. "ఇంక నా వొల్ల కాదు," అని ఒకరోజు బండి దిగి నడుచుకుంటూ ఇంటికొచ్చేశారు. నేను పుస్తకం తెచ్చి గ్రాఫు చూపించాను. గీత పైకెక్కుతూ వచ్చి, మధ్యలో బల్లలా చదునుగా సాగి, మళ్ళీ పైకి లేస్తుంది.

"ఈ చదునైన చోటును అభ్యసన పీఠభూమి అంటారు అత్తయ్యా. ఎవరైనా ఏదైనా నేర్చుకునేటప్పుడు ఇక్కడ ఆగుతారు. ఆగిపోయినట్టు కాదు, లోపల సర్దుకుంటోందని అర్థం."

ఆమె ఆ చదునైన గీత మీద వేలు పెట్టి చివరిదాకా జరిపారు. ఆ మాట ఆమెకు తెగ నచ్చేసింది. సాయంత్రం మా ఆయన, "ఎంతవరకొచ్చిందమ్మా నీ డ్రైవింగు?" అంటే, "పీఠభూమి మీదున్నాన్రా," అన్నారు గంభీరంగా. వీధిలో అడిగిన వాళ్ళందరికీ అదే జవాబు. కొందరు అదేదో ఊరనుకున్నారు.

అయినా మలుపు మాత్రం తిరగలేదు. నేను తిప్పి చూపిస్తే, "నువ్వు సన్నదానివి, సిన్నదానివి," అనేవారు. మన వంటి మనిషి చేయగా చూస్తేనే మనకూ నమ్మకం కలుగుతుందని ఇంకో సిద్ధాంతం ఉంది. మా వీధికి మోపెడ్ మీద చేపలు తెచ్చే ఆవిడ గుర్తొచ్చింది. ఆవిడది సముద్రం ఒడ్డు ఊరు, మా అత్తగారి ఈడే, ఒళ్ళూ అంతే. మర్నాడు ఆవిడ రాగానే అత్తగారిని గుమ్మంలోకి పిలిచాను. ఆవిడ సందు చివర మోపెడ్ తిప్పుకుంటుంటే అత్తగారు కళ్ళార్పకుండా చూశారు.

"కాళ్ళకేసి సూత్తావేటొదినా, సేపలు సూడు," అంది ఆవిడ మా గుమ్మం ముందు బండి ఆపుతూ.

"నీకు మొదట్లో బయమెయ్యలేదేటి?"

"ఎందుకెయ్యదు? నడిరోడ్డు మీద సేపలన్నీ పోసేను. మా ఆయన నవ్వేడు. మర్నాడు మళ్ళీ ఎక్కేను."

తర్వాత యార్డుకు వెళ్ళిన పొద్దున అత్తగారు కాలు దించకుండా మలుపు తిరిగారు. తిరిగి, మళ్ళీ తిరిగి, నేను చేతులూపుతున్నా ఆపకుండా గిరగిరా తిరుగుతూనే ఉన్నారు. నేను "బాగుంది" అనడం మరిచిపోయి ఏడ్చేశాను.

లైసెన్సు చేతికొచ్చాక మొదటిసారి రోడ్డెక్కాం. ఆమె ముందు, నేను వెనక, ఇద్దరికీ హెల్మెట్లు. ఇంకా తెల్లగా తెల్లారలేదు, కూడలిలో ఎవరూ లేరు, ఎర్రలైటు వెలుగుతోంది. ఆమె బండి ఆపి, గీతకు ఇవతలే కాలు పెట్టారు. మనుషులు చట్టాన్ని భయంతో పాటిస్తారు, లేకపోతే అది న్యాయమని నమ్మి పాటిస్తారు అని మాకొక పాఠం ఉంది. ఇందులో ఏదో తెలుసుకుందామని అడిగాను. "పోలీసులు లేరు కదా అత్తయ్యా, ఎందుకాగేరు?"

ఆమె లైటు మీంచి చూపు తిప్పలేదు. "ఇన్నాళ్ళూ ఆటో వోడి కోసం ఎలిగేది. ఇయ్యేళ నాకోసం ఎలిగింది. ఆగనా మరి?"

ఆకుపచ్చ వచ్చేదాకా హాయిగా నిలబడ్డాం.

కె. కోటపాడు రోడ్డుకు రెండు పక్కలా చెరకు తోటలు. ఎదురుగా ఎడ్లబండి వచ్చినా హారను కొట్టి, తల పంకించి పలకరించారు. ఆమె అక్కగారు, మా పెద్దత్తగారు, పశువులకు మేత వేస్తూ, హెల్మెట్ పెట్టుకున్న మనిషెవరో గుమ్మంలో బండి ఆపితే కరెంటు బిల్లు వాళ్ళనుకున్నారట. హెల్మెట్ తీయగానే చేతిలో మేత జారిపోయింది.

"ఓలమ్మా, నువ్వేటే?"

"ఎక్కప్పా, ఊరు సుట్టి వద్దాం," అన్నారు అత్తగారు.

పెద్దత్తగారు చేతులు కడుక్కోకుండానే వెనక ఎక్కి చెల్లెలి నడుం పట్టుకున్నారు. ఇద్దరూ వీధి మలుపు తిరిగి కనబడకుండా పోయారు. కేరింతలు మాత్రం చాలాసేపు వినబడ్డాయి. నేను పెద్దత్తగారి అరుగు మీద కూర్చుని, వాళ్ళు వచ్చేదాకా ఆవులకు మేత వేశాను.