నాయన కారుకు సూపర్‌చార్జర్

నేను అనంతపురంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు మా నాయన స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఇప్పుడు ఈ మాట రాస్తుంటే కూడా ఎవరి సంగతో రాస్తున్నట్టు ఉంది. నాయనకు బోరుబండి ఉండేది. అవి వానలు మొహం చాటేసిన ఏళ్లు. బోర్లు వేయించుకునే రైతులకు కొదవ లేదు, నీళ్లు పడే బోర్లకే కొదవ. ఆ వేసవిలో గార్లదిన్నె వైపు వరుసగా వేసిన బోర్లన్నీ తెల్లటి రాతిదుమ్మే కక్కాయి. నాయన బండిని షెడ్డులో పెట్టేసి, సామాన్లు తెస్తానని బెంగళూరు పోయి, ఎర్రకారులో తిరిగొచ్చాడు.

అది పాత జపాన్ కారు. నేలకు అతుక్కున్నట్టుండేది. టాపు మడిచి వెనక్కి వేసుకోవచ్చు. సీట్లు రెండే.

అమ్మ గడపలో నిలబడి దాన్ని చాలాసేపు చూసింది. ఆమె నాయనతో నేరుగా మాట్లాడేది తక్కువ. చెప్పాల్సిందేదో నాకు చెప్పి ఆయనకు వినిపించేది.

"ఇంట్లో ముగ్గురం ఉండాము. దీంట్లో ఇద్దరే పడతారు. మూడో మనిషి యాడ కూర్చోవల్లో మీ నాయన్ను అడుగు," అంది.

నాయన కాళ్లు కడుక్కుని లోపలికి పోయాడు.

కొన్నాళ్లకు మళ్లీ బెంగళూరు పోయి గోనెసంచిలో చుట్టిన బరువైన వస్తువొకటి తెచ్చాడు. రేసుల్లో తిరిగిన కారును ఎవరో విప్పేస్తుంటే అందులోది తీసుకున్నాడట. దాన్ని సూపర్‌చార్జర్ అంటారని చెప్పాడు.

"ఇంజన్ గాలిని తనంతట తాను పీల్చుకుంటాది. ఇది బలవంతంగా కూరుతాది. గాలి ఎక్కువ పోతే పెట్రోలు ఎక్కువ మండుతాది, జోరు పెరుగుతాది."

"మన రోడ్లమీద అంత జోరు ఎందుకు నాయనా?"

"చూద్దాంలేమ్మా," అన్నాడు.

బోరుబండి మెకానిక్, నాయన కలిసి షెడ్డులో పని మొదలుపెట్టారు. దాన్ని ఇంజన్ పక్కన బిగించడానికి లేతు షాపులో ఇనప పట్టీలు చేయించారు. ఇంజన్ తిప్పే బెల్టుతోనే అదీ తిరిగేట్టు చేశారు. అంతా అయ్యాక బానెట్ మూతపడలేదు. నాయన బానెట్ మంచి రేకును కోసి బొక్క పెట్టాడు. నాకు ప్రాణం చివుక్కుమంది.

ఆ రోజుల్లోనే యాడికి అనే ఊరి నుంచి ఒక రైతు బోరు వేయమని అడగడానికి వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇది బోరుకేమన్నా పనికొస్తాదా అన్నా?"

"రాదప్పా."

"మల్ల?"

నాయన స్పానరు తుడుచుకుని మళ్లీ ఇంజన్ మీదికి వంగాడు. రైతు నావైపు చూశాడు. నేను ఆయనకు మంచినీళ్లు తెచ్చిచ్చాను.

మొదటిసారి నడిపినప్పుడు నన్ను కూర్చోబెట్టుకున్నాడు. తాడిపత్రి రోడ్డెక్కి కాలు నొక్కేసరికి కారు సన్నగా ఈలవేసింది, నా వీపు సీటుకు కరుచుకుపోయింది. నాకు భయమేసిందో బాగుందో ఇప్పటికీ తేల్చుకోలేను. అంతలో రేకుడబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు ఇంజన్లో చప్పుడు, మీటర్లో వేడి ముల్లు పైకి. నాయన వేగం తగ్గించి పక్కకు ఆపాడు. గొర్రెలు తోలుకుపోతున్న ముసలాయన ఆగి చూశాడు.

"ఏమప్పా, ఏడుస్తాండాదే ఇది?"

"అవును," అన్నాడు నాయన, నిజంగానే దానికి జవాబు చెబుతున్నట్టు.

ఇంటికొచ్చి, సూపర్‌చార్జర్ అమ్మిన బెంగళూరు ఆయనకు ఫోన్ చేశాడు. పాత ఇంజన్ అంత గాలి తట్టుకోదనీ, సూపర్‌చార్జర్‌కు పెద్ద పుల్లీ వేస్తే అది నిదానంగా తిరిగి గాలి తక్కువ కూరుతుందనీ ఆయన చెప్పాడు. అప్పటిదాకా జోరుగా నడపొద్దన్నాడు.

పుల్లీ ఇంకా రాలేదు. ఒక ఆదివారం పొద్దున అమ్మ పెళ్లిళ్లకు కట్టుకునే చీర కట్టుకుని బయటికొచ్చి, ఎవరూ పిలవకుండానే కారులో కూర్చుంది. నాయన తాళంచెవి తీసుకొచ్చాడు.

"యాడికిమ్మా?" అన్నాను.

"మడకశిర పక్కకు. అన్నం వండిపెట్టినా, తిను."

ఆ పక్క మాకు చుట్టాలెవరూ లేరు. నాకేమీ అర్థంకాక వాకిట్లోనే నిలబడ్డాను.

సాయంత్రం ఇంటిముందు గొర్రెల లారీ ఆగింది. క్యాబిన్లోంచి ఇద్దరూ దిగారు. అమ్మ కొప్పు ఊడిపోయింది, మొహమంతా ఎర్రమన్ను. నవ్వుతోంది. నాయన నీరసంగా ఉన్నాడు. దారిలో ఇంజన్ మూతకింద ఉండే హెడ్ గ్యాస్కెట్ వేడికి కాలిపోయిందనీ, కారును ఒక పెట్రోలు బంకులో వదిలి వచ్చామనీ చెప్పాడు.

మర్నాడు మెకానిక్ లారీకి కట్టి కారును తెచ్చాడు. నాయన దాన్ని చూసి, "ఇంక ఈ సూపర్‌చార్జర్‌ను పీకేస్తాం. పొరపాటు చేసినా," అన్నాడు.

అమ్మ షెడ్డు గుమ్మంలోకొచ్చి నాయన కళ్లలోకి చూసింది.

"పీకొద్దు. ఉండనీ," అంది.

మెకానిక్, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కారు వచ్చిననాడు ఎత్తిపొడిచిందీ ఈమే, ఉండనీ అంటున్నదీ ఈమే. నాయన వంగి ఇంజన్ హెడ్ బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. గ్యాస్కెట్ మార్చారు, పెద్ద పుల్లీ వేశారు. ఈల అలాగే ఉంది గాని, జోరు సూపర్‌చార్జర్ లేనప్పటికన్నా కాస్తే ఎక్కువ. ఇంత కష్టం ఆ కాస్త కోసమా అనుకున్నాను. వాళ్లిద్దరూ మాత్రం ఆదివారాలు టాపు తీసేసి తిరిగొచ్చేవాళ్లు. అమ్మ తలకు తువ్వాలు చుట్టుకునేది. నేను ఇంట్లో పరీక్షలకు చదువుకునేదాన్ని.

తర్వాత వానలు కొంచెం పడ్డాయి, బోరుబండి మళ్లీ పనికి పోయింది. కారు ఇంకొన్నేళ్లు ఉంది. మోకాళ్ల నొప్పులతో అంత కిందినుంచి లేవలేకపోతున్నామని ఇద్దరూ కలిసి అనుకుని అమ్మేశారు.

ఆ మధ్య ఒకసారి వసారాలో ఇద్దరూ ఉన్నప్పుడు, ఆ ఆదివారం ఏం జరిగిందని అడిగాను.

"నిదానంగా పొమ్మని చెప్తాండా, మీ నాయన ఇంటేగా," అంది అమ్మ.

"మీ అమ్మే ఇంగా జోరుగా, ఇంగా జోరుగా అన్న్యాది," అన్నాడు నాయన.

అమ్మ నవ్వుకుంటూ లేచి కాఫీ పెట్టడానికి పోయింది.