కెజియా ఆమెన్ అనని ప్రార్థన

మా చెల్లెలు కెజియా చదువుకు ఐర్లండ్ వెళ్తోంది. ఇంటర్ మధ్యలో మానేసిన నేను నేర్పిన ఇంగ్లీషుకు జడిసే అక్కడ సీటిచ్చారని మా ఊరు బోగోలంతా చాటాను.

వీడ్కోలు ప్రార్థనలో సంఘపెద్ద పరంజ్యోతి గారు, "ప్రభువా, ఈ బిడ్డ మనసు మార్చు, ఇక్కడే పెళ్లి జరిపించు" అన్నారు. ఆయన మాటంటే అమ్మకు భయం. పాస్‌పోర్టేమో అమ్మ బైబిల్లో ఉంది.

అందరూ ఆమెన్ అన్నారు. కెజియా నోరు విప్పలేదు.

"ఏమ్మా, ఆమెన్ అనవా?" అన్నారు పరంజ్యోతి గారు.

"అది మీరు అడిగింది తాతా. నాది వినండి. ప్రభువా, వీసా ఇచ్చినావు, స్తోత్రం. మంగళవారం విమానం కూడా నువ్వే ఎక్కించు!"

నేను ఆమెన్ అని అరిచిన అరుపుకు సముద్రంలో చేపలు వాటంతటవే పడవలెక్కాయి. అమ్మ మాత్రం మెల్లగా ఆమెన్ అని, బైబిలు తెరిచి, పాస్‌పోర్టు కెజియా చేతిలో పెట్టింది.