సగం గోలి

తడిక అవతల ముందుగా ఒక చిన్న మోటారు గుర్రుమంది. గాలి నిండుతున్న చప్పుడు, తర్వాత అదే గాలి మెల్లగా వదులుతున్న చప్పుడు. మధ్యలో ఒక ఆడగొంతు, "మాట్లాడకు, తప్పు చూపిస్తది" అంది.

"నేనెక్కడ మాట్లాడిన? నువ్వే మాట్లాడుతున్నవ్."

నేను తడిక తీస్తే శివయ్య కనిపించాడు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు రెండూ నేలకు తాకించి, ఎడమ చేతికి నల్లటి పట్టీ చుట్టుకుని, బడికి కొత్తగా వచ్చిన పిల్లవాడిలా కూర్చున్నాడు. అతని భార్య బుగ్గమ్మ యంత్రం మీది అంకెలను ఫోనులో ఫొటో తీస్తోంది. ఆ ఫొటో ఊళ్లోని ఆశా కార్యకర్త అంజలికి పోతుంది. అంజలి నుంచి పల్లె దవాఖాన నర్సు పద్మారాణికి, అక్కడి నుంచి బషీరాబాద్ డాక్టరమ్మకు. ఆ ఇంట్లో పొద్దు అలా మొదలవుతుంది.

శివయ్య గొర్రెల కాపరి. పొలిమేర దాటితే కన్నడ వినిపించే ఊరు. కంది కోసేసిన చేలల్లో, కాగ్నా నది ఒడ్డున, అతని వయసంతా మేత వెంట నడిచిపోయింది. నాలుగిళ్ల గొర్రెలు ఒకే మందగా పోతాయి. సాయంత్రం దొడ్డి దగ్గర ఎవరివి వాళ్లకు విడదీసి ఇచ్చేది శివయ్యే. ముఖం చూసి చెప్పేవాడు. తర్వాత కళ్లలోకి మంచు దిగింది. ముఖాలన్నీ ఒకే బూడిదరంగులో కలిసిపోయాయి. చెవికోతలను వేళ్లతో తడిమి గుర్తుపట్టడం మొదలుపెట్టాడు. ఒకనాడు చంద్రవ్వ గొర్రెను తన దొడ్డిలోకి తోశాడు. పక్కింటి చంద్రవ్వ నవ్వుతూనే అంది, "బావా, ఇగ మందను నీ తమ్మునికి అప్పజెప్పరాదు?"

ఆ పూట శివయ్య అన్నం ముట్టలేదని బుగ్గమ్మ నాతో చెప్పింది.

కంటి శుక్లం ఆపరేషన్ కోసం తాండూరు రెండుసార్లు పోయాడు. రెండుసార్లూ చేతికి పట్టీ చుట్టి, అంకె చూసి, బీపీ తగ్గించుకుని రమ్మన్నారు. తిరుగు బస్సులో కిటికీ బయట నాపరాళ్ల దొంతరలు అతనికి నీళ్లలా కనిపించాయట.

అప్పుడే దవాఖాన వాళ్లు బీపీ గోలీలు, ఈ యంత్రం ఇచ్చారు. పూటపూటకూ చూసి పంపమన్నారు. రోజూ గోలి పడుతున్నా పై అంకె నూట డెబ్బై దగ్గరే నిలబడింది. డాక్టరమ్మ ఉప్పు తగ్గించమంటే బుగ్గమ్మ తొక్కు జాడీని అటకెక్కించింది. అంకె కదలలేదు. ఇంకో గోలి కలుపుదామని డాక్టరమ్మ అంది. "ముందు ఎట్ల మింగుతున్నడో చూద్దాం మేడం" అంది పద్మారాణి. మరునాడు పొద్దున్నే అంజలి వచ్చి గడప మీద కూర్చుంది.

బుగ్గమ్మ గోలిని నాపరాయి మీద పెట్టి, చాకుతో రెండు చేసింది. ఒక సగాన్ని మళ్లీ రెండు చేసింది.

"గిదేంది అవ్వా?"

"పెద్దది మీ తాతకు. గిది నాకు. గిది మరిది మల్లేశ్వర్‌కు."

"మీకెవరు రాసిన్రు?"

"ఒక్కదానికి రోగమొస్తే మందకంతా మందు తాపుతం గద బిడ్డా. లేకుంటే అన్నిటికి అంటుకుంటది."

"తాత గొర్రె కాదవ్వా."

"గొర్రె అయితే చెప్పినట్టు ఇంటుండె."

శివయ్య చేతిలోని నీళ్ల చెంబు దించాడు. "అయితే ఇన్ని దినాల సంది నాకు సగమేనా?"

"నీకే పెద్ద ముక్క ఇచ్చిన గద" అంది బుగ్గమ్మ.

బీపీ అంటుకునేది కాదనీ, ఎవరి అంకె చూసి వాళ్లకు గోలి రాస్తారనీ అంజలి చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. పట్టీని బుగ్గమ్మకు చుట్టింది, బాగానే ఉంది. మల్లేశ్వర్‌ను పిలిచి చుట్టింది, ఎక్కువుంది. కొన్నాళ్లు చూసి, డాక్టరమ్మ అతనికి అతని గోలీలు వేరే రాసింది. "చూసినవా, మందల ఇంకొకటి దొరికింది" అని బుగ్గమ్మ చాలా రోజులు అందరితో చెప్పుకుంది.

నిండు గోలి లోపలికి పోవడం మొదలయ్యాక, ఎండ వాలినట్టు, ఎవరూ గమనించనంత మెల్లగా అంకె దిగింది. రెండో గోలి అవసరం పడలేదు. ఒక పొద్దున ఫొటోలో నూట ముప్పై రెండు కనిపించింది. ఆ ఫొటోలన్నీ పట్టుకుని అంజలి అతని వెంట తాండూరు పోయింది. అక్కడ చుట్టినప్పుడు కొంచెం ఎక్కువే చూపించినా, కళ్ల డాక్టరు ఇంటి అంకెలు కూడా చూసి సరేనన్నాడు. కంటి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు దుమ్ములోకి పోవద్దన్నారు. గోలి మాత్రం ఆపొద్దన్నారు.

ఆ కొన్నాళ్లూ మల్లేశ్వర్ మందను తోలాడు. శివయ్య ఇంట్లోనే ఉండి, పొద్దున గోలి మింగి, చేతికి పట్టీ చుట్టుకుని, మధ్యాహ్నాలు గోడ మీది బల్లిని చూస్తూ గడిపాడు.

గడువు తీరిన సాయంత్రం దొడ్డి దగ్గరికి వచ్చాడు. దుమ్ములోంచి మంద ఒక్క శరీరంలా కదిలి వచ్చి, గేటు దగ్గర విడివిడి ప్రాణాలుగా మారింది. చంద్రవ్వ కొంగు నడుముకు చుట్టి చూస్తోంది. శివయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఏ చెవినీ తడమలేదు. గడ్డంతోనే అటు, ఇటు అని చూపిస్తున్నాడు.

కన్ను ఎట్లుందని అడిగాను. నా వైపు తిరగకుండానే అన్నాడు:

"జర పక్కకు జరుగు సారూ. నీ ఎనుక నిలబడ్డది మాది కాదు, చంద్రవ్వది."