పిన్నమ్మ ఫోటోలో ఎర్ర మరక

మొన్న మా మనవరాలు నా పెట్టెలోని పాత ఫోటో ఒకటి సెల్‌ఫోనులోకి ఎక్కించుకుని, నలుపు తెలుపు బొమ్మలో ఈ ఎర్ర మరకేమిటి తాతా, చిటికెలో తుడిచేస్తానంటూ వేలు పెట్టబోతే గభాలున ఫోను లాగేసుకున్నాను. దానికి కోపం వచ్చింది. ఆ మరక సంగతి తెలిస్తే రాదు గాని, అది చెప్పాలంటే నా తెలివితక్కువతనమూ చెప్పుకోవాలి.

యాభైలనాటి మాట. నెల్లూరులో పని నేర్చుకుని ఆత్మకూరులో సొంతంగా స్టూడియో పెట్టిన కొత్త. కెమెరా కంటికి బిగించే పసుపు, పచ్చ, ఎరుపు అద్దాల ఫిల్టర్లు మూడు సంపాదించాను. సెలవు దొరికితే చాలు, ఉదయగిరి పోయి, కొండమీది మబ్బుల్ని ఒక్కో అద్దంలోంచీ తీసేవాణ్ణి. మా ఎండలకు ఫిల్ము కడిగే డెవలపరు మందు కాగిపోయి ఫిల్ము మాడినట్టయ్యేది, అందుకని కుండనీళ్ళు ఒకపాలు, రెండుపాళ్ళు, మూడుపాళ్ళు కలిపి చూసేవాణ్ణి. చీకటిగదిలో ఏ ముక్క ఎందులో వేశానో తెలియడానికి, ఎన్నిపాళ్ళ నీళ్ళో అన్ని గాట్లు ఫిల్ము అంచున కత్తిరించేవాణ్ణి. చివరికి రెండు గాట్ల ముక్క, ఎర్ర అద్దం గెలిచాయి. ఆకాశం నల్లగా, మబ్బు తెల్లగా వచ్చేసరికి నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు.

అప్పుడే చిన్నాయన మద్రాసు ఆసుపత్రిలో ఆపరేషనుకు చేరాడు. చంటిబిడ్డతో పిన్నమ్మ పోలేకపోయింది. కత్తి పెట్టకముందు నీ మొగం చూడాలని ఉంది, ఫోటో పంపమని ఆయన ఆమెకు కార్డు రాశాడు. ఇంతకంటే మంచి తరుణమేముంది? పిన్నమ్మను ఉదయగిరి కొండ ముందు నిలబెట్టి, ఎర్ర అద్దం బిగించి తీశాను. మబ్బులు అద్భుతంగా పడ్డాయి. పిన్నమ్మ నుదుట పావలా కాసంత కుంకుమబొట్టు మాత్రం పడలేదు. ఎర్ర అద్దంలోంచి తీస్తే ఎరుపు తెల్లగా తేలిపోతుందని మబ్బుల మోజులో నేను మరిచాను.

పిన్నమ్మ తమ్ముడు మద్రాసు బయలుదేరే పూటే ఆ ఫోటో పట్టుకుపోయాను. ఆమె అందులో తన నుదురు చూసుకుంది.

"ఆడ మంచాన పడుండే మనిషికి ఇట్టాంటి మొగం చూపిస్తావంట్రా?" అంది.

మళ్ళీ తీసే వ్యవధి లేదు. ఆమె లోపలికి పోయి కుంకుమభరిణె తెచ్చుకుంది. రోజూ తను పెట్టుకునేట్టే ఫోటోలోని నుదుటికి కాస్త మైనం రాసి, పైన కుంకుమ అద్ది, తమ్ముడి చేతిలో పెట్టింది.

చిన్నాయన బాగై తిరిగొచ్చాడు, దేవుడి దయ. ఆమెను పచ్చ అద్దంతో మళ్ళీ తీసి, బొట్టు నిండుగా పడ్డ ఫోటో ఆయన చేతికిచ్చాను. చూసి పక్కన పెట్టాడు.

"ఇది నువ్వు తీసింది. అది ఆమె పంపింది" అన్నాడు.

వాళ్ళిద్దరూ పోయాక, ఆనాటి చంటిబిడ్డ ఆ పాత ఫోటో తెచ్చి నాకిచ్చింది. మైనం ఎండి పగిలింది గాని కుంకుమ ఇంకా అంటుకునే ఉంది. ఇప్పటి ఫోటోల్లో లేని రంగంటూ లేదు, నేను పడ్డ పాట్లు ఎవరూ పడనక్కర్లేదు, సంతోషమే. అయినా ఎవరి వేలూ తగలని ఆ రంగులు నా కంటికి ఎందుకో ఆనవు.